గోదావరి మీద ఒక దినము



2018 డిసెంబరులో క్రిస్మస్ ఆరాధనలు ముగిసిన తరువాత, మా అరకు సంఘములోని పెద్దలము, యౌవనస్థులము ఇరవై ముగ్గురము కలిసి పాపికొండలు చూడ వెళ్లాము. కిరండూల్ రైలులో కొండ దిగి, విశాఖలో బండి మారి, రాజమండ్రి చేరాము.

వాగు మీద దుంగ వేసి దాటే మాకు అక్కడి వంతెనలే పెద్ద వింత. 1900లో తెరచిన హేవలాక్ వంతెన తొంభై ఏడేండ్లు రైళ్లను మోసి, 1997లో విశ్రాంతి పొందింది. 1974 నాటి వంతెన మీద పైన బస్సులు, క్రింద రైళ్లు. దిగువన ధవళేశ్వరము వద్ద కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టింది. కోటగుమ్మము దగ్గర జనము, హారన్ల మోత, రోజ్ మిల్క్ గ్లాసులు చూచి మా పిల్లలు తిరిగి రామన్నారు!

మరునాడు లాంచీ ఎక్కాము. లైఫ్ జాకెట్లు ఇస్తే, ఉక్కగా ఉన్నదని చాలామందిమి ఒడిలో పెట్టుకొన్నాము. అందులో ఈ కాపరి కూడా ఉన్నాడు. కొండలు దగ్గరకు వచ్చి నది ఇరుకైనచోట అందరము మౌనమైపోయాము.

పేరంటాలపల్లిలో కొండరెడ్ల ఇండ్లు చూచాము. వెదురు తడికెలకు మట్టి మెత్తి, పైన గడ్డి కప్పారు. "పాపము, ఎంత బీదవారో" అన్నది మాలో ఒక చెల్లి. మా సంఘ పెద్ద నవ్వి, "అమ్మా, మీ తాత ఇల్లు ఇట్లాంటిదే గదా" అన్నాడు. పొయ్యి పొగ పైకెక్కి వాసాలకు పురుగు పట్టనీయదు. మట్టి గోడ ఎండలో చల్లదనమిస్తుంది. అది బీదరికము కాదు, తరముల జ్ఞానము. వెదురు బుట్టలు అమ్ముచున్న ఒక అవ్వను, పోలవరము నీళ్లు వస్తే కాలనీకి వెళ్తారా అని అడిగాము. "ఇల్లు ఇస్తారంట అయ్యా. వెదురు ఎక్కడ కొట్టుకోవాలో చెప్పలేదు" అన్నది. మాకు జవాబు దొరకలేదు. వంతెనల యెదుట గంటసేపు నిలిచిన మేము, ఆ గుడిసె యెదుట అయిదు నిమిషములే నిలిచాము.

2019 సెప్టెంబరు 15న మేము దాటి వెళ్లిన కచ్చులూరు దగ్గరే ఒక పర్యాటక బోటు మునిగి, పదుల సంఖ్యలో ప్రాణములు పోయాయి. ఆ రాత్రి ఒడిలో పెట్టుకొన్న జాకెట్టు గుర్తుకు వచ్చి మాకు నిద్ర పట్టలేదు. మందకు ముందు నడువవలసినవారము, అజాగ్రత్తలో ముందు నడిచాము.

ప్రియులారా, పడవ ఎక్కినప్పుడు మొదట మీరు జాకెట్టు కట్టుకొని, తరువాత పిల్లలకు కట్టండి. ఎవరికైనా ఇల్లు కట్టించే భాగ్యము మీకు కలిగితే, ముందు ఆ ఇంటి అవ్వను అడగండి. ఊరు విడిచిన కుటుంబములను ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనండి.