క్యాబ్ ప్రమాదాలు: ప్రయాణికుల పరిహార హక్కు

యాప్ ద్వారా పిలిపించుకున్న క్యాబ్ మరొక వాహనాన్ని ఢీకొన్నప్పుడు, తప్పు ఏ డ్రైవరుదో తేలేవరకు గాయపడిన ప్రయాణికుడు వేచి ఉండనవసరం లేదు. ఇరువురి నిర్లక్ష్యమూ కారణమైనచో, పూర్తి పరిహారాన్ని వారిలో ఏ ఒక్కరి నుండైనా రాబట్టుకోవచ్చునని 2015లో ఖెన్యెయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న మోటారు వాహనాల చట్ట సవరణల మేరకు బాధితులకు రెండు మార్గాలు గలవు. 164వ సెక్షన్ క్రింద తప్పు నిరూపించకుండానే తీవ్ర గాయాలకు 2.5 లక్షల రూపాయలు లభిస్తాయి. 166వ సెక్షన్ క్రింద నిర్లక్ష్యాన్ని నిరూపించవలసి ఉన్నప్పటికీ, వైద్య వ్యయం, ఆదాయ నష్టం, అంగవైకల్యం, వేదన అన్నింటినీ ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకుంటుంది. అయితే బీమా సంస్థ ప్రతిపాదించిన మొదటి మొత్తాన్ని స్వీకరించినచో రెండవ మార్గం మూసుకుపోతుంది. కనుక శాశ్వత వైకల్యం ఏర్పడగల బాధితులు వైద్యుల నిర్ధారణకు ముందే సంతకం చేయడం నష్టదాయకం.

తక్షణ చికిత్సకై 2025 మే నెలలో ప్రకటించిన కేంద్ర పథకం క్రింద గుర్తింపు పొందిన ఆసుపత్రులలో 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల నగదు రహిత వైద్యం లభిస్తుంది.

దరఖాస్తుకు చట్టం విధించిన గడువు 6 నెలలు. జాప్యం కారణంగా దరఖాస్తులను త్రోసిపుచ్చరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చినప్పటికీ, దానిపై ఆధారపడి కాలయాపన చేయడం శ్రేయస్కరం కాదు. బాధితులు తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చును. యాప్‌లోని ప్రయాణ వివరాలు, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రి బిల్లులు భద్రపరచుకొనవలెను.