విత్తనం ఎవరింట్లో ఉంటే పెత్తనం వాళ్లదే



పస్తాపూర్ అనసూయమ్మ పేరు మన బోధన్ చెరకు రైతుల్లో ఎందరికి తెలుసు? మీటింగులో అడిగితే పది చేతులు కూడా లేవవు. జహీరాబాద్ మనకు పరాయిది కాదు. మన బాన్సువాడ, జుక్కల్ ఓట్లు పడేది ఆ ఎంపీ సీటుకే. అయినా ఆ ఆడవాళ్లు ఏం చేశారో మనం పట్టించుకోలేదు. "నీళ్లు లేని చెలకలో జొన్నలు, కొర్రలు... అదీ ఒక ఎవుసమేనా" అని నేనూ నవ్వినవాణ్నే. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది కూలికి పోయే దళిత ఆడవాళ్లే. వాళ్లు పడావు భూములు దున్నించారు. పండిన జొన్నల్లో కొంత ఊరి ధాన్యం నిధికి కొలిచి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. అనసూయమ్మ బంజర్లలో లక్షల మొక్కలు పెంచింది. 2002లో బీటీ పత్తికి సర్కారు అనుమతిస్తే, వరంగల్ రైతుల నష్టాన్ని కెమెరాతో తీసి లోకానికి చూపింది ఈ సంఘం ఆడవాళ్లే. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇస్తే, అందుకోవడానికి అనసూయమ్మ న్యూయార్క్ పోయింది.

వాళ్ల బలం ఎక్కడుంది? వెదురు బుట్టలో. బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనంలో. వచ్చే వానాకాలం ఏం వేయాలో వాళ్లకు ఏ కంపెనీ చెప్పదు.

మన సంగతి చూడండి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడింది. ఒక్క పంట, ఒక్క గేటు నమ్ముకున్నాం. గేటు మూస్తే రోడ్డున పడ్డాం. ఆర్మూరు వైపు ఎర్రజొన్న కథా అంతే. విత్తనం పండించేది మనం, ధర చెప్పేది వ్యాపారి. గిట్టుబాటు కోసం 2019లో రోడ్డెక్కాం. ఆ ఎన్నికల్లో నిజామాబాద్ సీటుకు 178 మంది రైతులు పోటీలో నిలబడ్డారు. అక్కడా జొన్నే, ఇక్కడా జొన్నే. వాళ్ల జొన్న ఇంట్లో ఉంది, మనది వ్యాపారి గోదాములో ఉంది. తేడా అదొక్కటే.

"చెరకు రైతు కొర్రలతో బతుకుతాడా?" అంటారు కొందరు. చెరకు పీకేయమని నేననట్లేదు. ఫ్యాక్టరీ తెరవాలన్న డిమాండ్ వదిలేదీ లేదు. కానీ ఎకరంలో మూల గుంటలైనా తిండి పంటకు, సొంత విత్తనానికి ఉంచుకోమంటున్నా. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని పోస్టర్లు వేసిన సర్కారును కూడా అడగాలి. కొర్రలకు, సామలకు కనీస మద్దతు ధర ఏది?

చివరి మాట మనకే. కలుపు తీసేది, విత్తనం దాచేది మన ఇళ్లల్లో ఎవరు? మరి మన యూనియన్ రిజిస్టర్‌లో ఎవరి పేర్లున్నాయి? వేదిక మీద కుర్చీలు ఎవరివి? నా భార్య ముప్పై ఏళ్లుగా చెరకు తోటలో పనిచేస్తోంది. ఆమె పేరు మన సభ్యత్వంలో లేదు. ఆ తప్పు నాది. ఈసారి సభ్యత్వానికి వచ్చినప్పుడు రెండు పేర్లు రాయిస్తాను.

మీరెన్ని రాయిస్తారు?