గొట్టం కాపాడేది ఇంజన్‌నే!

వానాకాలం వచ్చిందంటే ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అటవీ గ్రామాలకు వాగుల బెడద తప్పదు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పెద్ద వాన కురిస్తే, ఇక్కడ చినుకు పడకపోయినా తాలిపేరు పొంగుతుంది. కిన్నెరసాని, ముర్రేడుల్లో కలిసే చిన్న వాగుల సంగతి సరేసరి. వంతెన లేని చోట రోగినైనా, రేషన్ బియ్యాన్నైనా దాటించేది జీపు, లేకుంటే ట్రాక్టరు.

నీటిలో జీపు ఆగిపోయి, ట్రాక్టరు సాగిపోవడానికి ఒక కారణం గాలి పీల్చే చోటు. చాలా ట్రాక్టర్లకు అది బానెట్ పైన ఉంటుంది. జీపుకు బానెట్ లోపల ఉంటుంది. అక్కడికి నీరు చేరితే ఇంజన్ గాలికి బదులు నీళ్లు మింగుతుంది. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. పిస్టన్ నీటిని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ మరమ్మతుతో యజమాని అప్పులపాలు కావలసిందే.

దీనికి విరుగుడుగా టాపు ఎత్తు వరకు గాలి గొట్టం అమర్చుకోవచ్చు. దీన్నే స్నార్కెల్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు నీటి అడుగున ఉండి డీజిల్ ఇంజన్లు నడిపింది ఇలాంటి గొట్టంతోనే. మన షెడ్డు మేస్త్రీలకూ ఇది అసాధ్యమేమీ కాదు. అయితే గొట్టం లావు పాత గాలిదారి కంటే తగ్గకూడదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది కనుక బానెట్ లోపల ఇనుప గొట్టం, గట్టి రబ్బరు హోసు వాడాలి. ఎయిర్ క్లీనర్ డబ్బాకు, ప్రతి అతుకుకు క్లిప్పులు బిగించి సందు లేకుండా మూయాలి. పైమూతిలో వాన పడకుండా టోపీ పెట్టాలి. పని పూర్తయ్యాక ఇంజన్‌ను నిదానంగా నడిపిస్తూ, పైమూతికి చెక్క అడ్డుపెట్టి చూడాలి. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగితే అతుకులు సరిగా ఉన్నట్టు. ఆగకపోతే ఎక్కడో సందు ఉన్నట్టే. సందున్న గొట్టం లేనిదానికంటే ప్రమాదం, ఎందుకంటే డ్రైవరు దాన్ని నమ్మి వాగులో దిగుతాడు. నీటిలో బండి ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టరాదు. బయటికి లాగించి మెకానిక్‌కు చూపాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను కట్టడి చేస్తుంది. కనుక పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. గొట్టం ఇంజన్‌ను కాపాడుతుందే గానీ, ప్రవాహాన్ని ఆపలేదు. రెండడుగుల నీరు ఉరవడిగా పారితే జీపునైనా తోసుకుపోగలదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకున్న 9 మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి తీసుకువచ్చాడు. అంత బరువైన యంత్రం చేసిన పనిని చూసి జీపులు వాగులో దిగడం తగదు. మునుపు చూసిన దారే అయినా, నీటి అడుగున రాత్రికి రాత్రి గుంత పడి ఉండవచ్చు.

కనుక వాగు దాటే బాధ్యతను డ్రైవరు నెత్తిన వేసి ఊరుకోవడం శోచనీయం. అటవీ అనుమతులు రాలేదన్న మాటతో కల్వర్టులు ఏళ్ల తరబడి ఆగిపోతే గిరిజనులు ఎవరికి చెప్పుకోవాలి? 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం రోడ్డు వంటి సదుపాయాలకు, గ్రామసభ సిఫార్సు చేస్తే, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. ఒక చిన్న కల్వర్టుకు అంతకంటే ఎక్కువ స్థలం పట్టదు.

ఈ వేసవిలోనే గ్రామసభలు తీర్మానాలు చేసి పంపాలి. అధికారులు వాటిని అటకెక్కించకుండా వానలకు ముందే పనులు చేపట్టాలి. అంతవరకు ప్రతి దాటుచోట అడుగుల గుర్తులున్న స్తంభం పాతించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. జీపుకు గొట్టం ఉన్నా లేకపోయినా, ఎప్పుడు ఆగాలో ఆ స్తంభం చెబుతుంది.