తనదేది? అందరిదేది?

పిల్లలూ! ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకిలా వ్రాసింది: "మాస్టారుగారూ, మా బడి లైబ్రరీకి జావాస్క్రిప్టులో ఒక ప్రోగ్రాము వ్రాశాను. రాము ఒక పుస్తకం తీసుకున్నాడని చేరిస్తే, ఏమీ తీసుకోని సీత పేరుమీద కూడా ఆ పుస్తకమే కనబడుతున్నది. కంప్యూటరు అబద్ధమాడుతుందా?"

ఆడదు. మనం చెప్పినదే చేస్తుంది. ఏం చెప్పామో చూద్దాం.

ఒక పిల్లవాడికి కత్తెర కావలసి వచ్చిందనుకోండి. ముందు తన పెట్టెలో వెతుకుతాడు. లేకపోతే నాన్న పెట్టెలో, అక్కడా లేకపోతే తాత పెట్టెలో చూస్తాడు. అందులోనూ లేకపోతే "ఇంట్లో లేదు" అంటాడు. జావాస్క్రిప్టు చేసేదీ ఇదే. రాము, సీత విడివిడి ఆబ్జెక్టులు. "న్యూ" అనే మాటతో వాటిని పుట్టిస్తాము. ఇట్లా పుట్టిన ప్రతిదాని వెనుకా ప్రొటోటైపు అనే పెద్ద ఆబ్జెక్టు ఒకటి ఉంటుంది. రాములో లేనిది అడిగితే కంప్యూటరు ప్రొటోటైపులో వెతుకుతుంది. ఎక్కడా దొరకకపోతే "అన్‌డిఫైన్డ్" అంటుంది.

దీనివల్ల లాభమేమిటంటారా? బడిలో 500 మంది ఉంటే, పుస్తకం ఇచ్చే పద్ధతిని 500 సార్లు వ్రాయనక్కరలేదు. ఒక్కసారి ప్రొటోటైపులో పెడితే చాలు. 1995లో ఈ భాషను తయారుచేసిన బ్రెండన్ ఐక్, ఈ ఉపాయాన్ని "సెల్ఫ్" అనే మరొక భాషనుంచి తీసుకున్నాడు.

ఇక పొరపాటు సంగతి. ఆ అమ్మాయి "తీసుకున్న పుస్తకాలు" అనే జాబితాను కూడా ప్రొటోటైపులోనే పెట్టింది. రాము జాబితాలో పుస్తకం చేర్చమన్నది. రాముకు సొంత జాబితా ఏదీ? కంప్యూటరు పైకి వెళ్ళి, దొరికిన జాబితాలోనే చేర్చింది. సీతకూ అదే జాబితా! తాత పెట్టెలోని పలకమీద ఒకరు వ్రాస్తే ఇంటిల్లిపాదికీ అదే కనబడుతుంది గదా! ఎవరూ గమనించకపోతే, తీసుకోని పుస్తకానికి సీత జరిమానా కట్టవలసి వచ్చేది. అనుమానం వచ్చి అడిగినందుకు ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి.

మందు సులభమే. ఆబ్జెక్టు పుట్టేటప్పుడే, కన్‌స్ట్రక్టరులో "దిస్" అనే మాటతో ఎవరి జాబితా వారికి ఇవ్వాలి. అందరూ ఒకేవిధంగా చేసే పనులు ప్రొటోటైపులో ఉండాలి; ఎవరి లెక్క వారి దగ్గర ఉండాలి. 2015లో "క్లాస్" అనే మాట భాషలో చేరినా, లోపల జరిగేది ఇదే.

ఇప్పుడొక చిక్కుప్రశ్న. ప్రొటోటైపులో "గడువు = 14" అని ఉన్నది. మనం "రాము.గడువు = 7" అని వ్రాశాము. సీత గడువెంత? తొందరపడకండి! ఇక్కడ పాతదానిలో చేర్చటం లేదు, రాముకు కొత్తగా ఒకటి ఇస్తున్నాము. మీరే చేసి చూసి, కారణంతో సహా నాకు వ్రాయండి.