కమిషన్ జీరో అన్నారు, మరి మా బావ డబ్బులు ఎక్కడికి పోయినట్టు?

ఎప్పుడూ ఫోన్ల గురించి, చార్జింగ్ స్పీడ్ గురించి రాసే నేను ఈసారి సెల్లర్ ఫీజుల మీద పడ్డానేంటి అని మీకు అనిపించొచ్చు. కారణం మా బావ. ఖమ్మంలో ఆయనకి చిన్న మొబైల్ యాక్సెసరీస్ షాపుంది. నెలకో రెండు సార్లు హైదరాబాద్ వచ్చి, కోఠి గుజరాతీ గల్లీలో బ్యాక్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, కేబుళ్లు సంచులకెత్తుకుని రాత్రి బస్సుకి వెళ్లిపోతాడు. పోయినేడాది ఒకసారి మా రూమ్‌కి వచ్చి, "ఏరా బామ్మర్దీ, నువ్వు రివ్యూలు రాస్తావు కదా, ఆన్‌లైన్‌లో ఎక్కడ అమ్మితే తక్కువ కోత పడుద్దో చూసి చెప్పు" అన్నాడు.

ఇదెంత పని అనుకున్నా. రెండు ఫోన్ల స్పెక్స్ పక్కపక్కన పెట్టినట్టే ఒక షీట్ చేశాను. ఏ సైట్‌లో కమిషన్ ఎంత శాతం అని వరసగా రాసి, అన్నింటికంటే తక్కువున్న దానికి పచ్చరంగు వేసి బావకి పంపా. ఆయన అక్కడే మొదలుపెట్టాడు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి, "బావా అని పిలిచినోడివి, ఇట్లా ముంచుతావా రా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సైట్ పేరు ఇక్కడ చెప్పను. తప్పు సైట్‌ది కాదు, నా షీట్‌ది.

మెగాపిక్సెల్ చూసి కెమెరా కొనకండి అని మీకు పదేళ్లుగా చెప్తున్నాం. కమిషన్ శాతం కూడా సరిగ్గా అలాంటి నంబరే.

ముందు అసలు ఈ ఫీజులు ఎందుకొచ్చాయో ఒక్క ముక్క. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సైట్లు మన దేశంలో సొంత సరుకు నేరుగా కస్టమర్‌కి అమ్మకూడదు, మధ్యలో మార్కెట్‌ప్లేస్‌గానే ఉండాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఈ రూల్స్ ఇంకా గట్టిపడ్డాయి. అంటే వాళ్ల ఆదాయం సరుకు మీద లాభం కాదు, సెల్లర్ దగ్గర, యాడ్స్ దగ్గర, డెలివరీ దగ్గర వచ్చేదే. ఒక జేబులో తగ్గిస్తే ఇంకో జేబులోంచి తీసుకోవాల్సిందే.

ఇప్పుడు "జీరో" పోటీ చూడండి. మీషో 2021లోనే సెల్లర్ల దగ్గర కమిషన్ తీసుకోం అంది. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ ఇండియా 300 రూపాయల లోపు వస్తువుల మీద 135 కేటగిరీల్లో రిఫరల్ ఫీ తీసేసింది. అదే ఏడాది నవంబరులో ఫ్లిప్‌కార్ట్ వెయ్యి రూపాయల లోపు వాటికి జీరో కమిషన్ ప్రకటించింది. హెడ్‌లైన్లు చూస్తే కవర్లు అమ్ముకునే వాళ్లకి పండగే. నిజంగానే కొంత పండగే, కాదనను. యాక్సెసరీస్ మీద కమిషన్ ఎప్పుడూ ఎక్కువే మరి. అమెరికాలో అమెజాన్ రేట్లు చూసినా ఇదే తీరు: సెల్‌ఫోన్ మీద 8 శాతం, అదే యాక్సెసరీ అయితే వంద డాలర్ల వరకు 15 శాతం. ఫోన్ మీద మార్జిన్ సన్నగా ఉంటుంది, కవర్ మీద లావుగా ఉంటుంది అని వాళ్లకీ తెలుసు.

కానీ రిఫరల్ ఫీ, కమిషన్ అనేవి బిల్లులో ఒక లైను మాత్రమే. దాని కింద ధరని బట్టి పడే క్లోజింగ్ ఫీనో, ఫిక్స్‌డ్ ఫీనో ఉంటుంది. తర్వాత బరువుని, దూరాన్ని బట్టి షిప్పింగ్. సరుకు వాళ్ల గోడౌన్‌లో పెడితే ప్యాకింగ్, స్టోరేజ్ చార్జీలు వేరు. యాడ్స్ మీ ఇష్టం అంటారు, పెట్టకపోతే మీ కవర్ ఎనిమిదో పేజీలో ఉంటుంది. ఈ ఫీజులన్నిటి మీద 18 శాతం జీఎస్‌టీ. ఇవి కాక అమ్మకం మీద టీసీఎస్ 0.5 శాతం, టీడీఎస్ 0.1 శాతం పట్టుకుంటారు. ఒకప్పుడు రెండూ ఒక్కో శాతం ఉండేవి, 2024లో తగ్గించారు. ఈ రెండూ మీ టాక్స్ ఖాతాలో జమయ్యేవే కాబట్టి ఖర్చు కింద లెక్కేయక్కర్లేదు, చేతిలో ఆడే డబ్బు కాస్త ఆగుతుందంతే.

సరే, బావ లెక్క చూద్దాం. కింద ఉన్న రేట్లు ఏ ఒక్క సైట్‌వీ కావు, లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. సైట్లు వీటిని తరచూ మారుస్తాయి కాబట్టి మీరు మొదలుపెట్టే రోజున అసలు రేట్ కార్డు చూసుకోండి.

ఒక బ్యాక్ కవర్ 249 రూపాయలకి అమ్మాడనుకోండి. అందులో 38 రూపాయలు జీఎస్‌టీ, అది బావది కాదు. మిగిలేది 211. కమిషన్ 12 శాతం అంటే సుమారు 30. ఫిక్స్‌డ్ ఫీ 15, షిప్పింగ్ 50. సరుకు కొన్నది 60, ప్యాకింగ్ 6. అన్నీ పోగా చేతికి 50 రూపాయలు. ఫీజుల మీద కట్టిన జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి దాన్ని వదిలేశా. బాగానే ఉంది కదా? కమిషన్ లేని చోట అమ్మితే అదే కవర్ మీద 80 మిగులుతుంది. నా షీట్ పచ్చరంగు వేసింది దీనికే.

ఇప్పుడు రిటర్న్స్ కలపండి. ఒక్కో కస్టమర్ రిటర్న్‌కి సెల్లర్‌కి పోను రాను కలిపి 90 రూపాయలు పడుతుందనుకుందాం. తిరిగొచ్చిన రెండింట్లో ఒకటి మళ్లీ అమ్మడానికి పనికిరాదు. కమిషన్ ఉన్న సైట్‌లో పది ఆర్డర్లకి రెండు రిటర్న్ వచ్చాయి: ఎనిమిది యాభైలు నాలుగొందలు, రిటర్న్ చార్జీలు 180, పాడైన కవర్ 60, వృథా అయిన ప్యాకింగ్ 12 పోతే మిగిలింది 148. జీరో కమిషన్ సైట్‌లో పదికి నాలుగు తిరిగొచ్చాయి: ఆరు ఎనభైలు 480, రిటర్న్ చార్జీలు 360, పాడైనవి రెండు 120, ప్యాకింగ్ 24. మొత్తం కలిపితే 24 రూపాయల నష్టం. పది మందికి ప్యాక్ చేసి, లేబుల్ అతికించి, ఎదురు 24 రూపాయలు ఇచ్చుకున్నట్టు!

బావకి జరిగింది ఇదే. కమిషన్ జీరో. రిటర్న్స్ కొండంత.

జీరో కమిషన్ సైట్లన్నీ ఇంతే అని నేను అనట్లేదు. అసలు రిటర్న్ శాతం సైట్‌ని బట్టి కంటే వస్తువుని బట్టి ఎక్కువ మారుతుంది. ఛార్జింగ్ కేబుల్ పెద్దగా తిరిగి రాదు. ఫోన్ కవర్ మాత్రం వస్తుంది. ఎందుకంటే పేర్లు చూశారు కదా ఈ ఫోన్లవి! ఒకే నంబర్‌తో మామూలుది, ప్రో, ప్రో ప్లస్, 4జీ, 5జీ. కెమెరా కటౌట్ ఒక్కోదానికి ఒక్కోలా. కస్టమర్‌కి తన ఫోన్ 4జీనో 5జీనో గుర్తుండదు, బుక్ చేస్తాడు, సరిపోదు, రిటర్న్. కంపెనీలు పేర్లు పెట్టే తీరుకి ఖమ్మంలో ఒకాయన 90 రూపాయలు కడుతున్నాడన్నమాట. డోర్ దగ్గరే వద్దని పంపేసే ఆర్టీఓ వేరు, తీసుకుని విప్పి చూసి తిరిగిచ్చే రిటర్న్ వేరు. రెండింటి చార్జీలు వేరువేరుగా ఉంటాయి, రేట్ కార్డులో రెండూ చదవండి.

ఇంకో దెబ్బ బరువు దగ్గర తగిలింది. కొత్తగా బ్లూటూత్ స్పీకర్లు పెట్టాడు. స్పీకర్ బరువు 300 గ్రాములు. జాగ్రత్తగా పంపుదామని 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తున్న అట్టపెట్టెలో పెట్టి చుట్టూ పేపర్ కుక్కాడు. కొరియర్ లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. ఇక్కడ సరిగ్గా ఒక కేజీ. 300 గ్రాముల వస్తువుకి కేజీ షిప్పింగ్! ఫోన్ చేసి, "కాటా మన షాపులోనే ఉంది కదరా, మూడొందలే చూపిస్తుంది" అని వాదించాడు పాపం. కాటా ఏం చేస్తుంది, వాళ్లు కొలిచేది గాలిని.

ఇదంతా తెలిశాక కొన్ని విషయాలు వేరేగా కనిపించడం మొదలయ్యాయి. ఆన్‌లైన్‌లో టెంపర్డ్ గ్లాస్ ఎప్పుడు చూసినా రెండో మూడో కలిపి ప్యాక్‌గా ఎందుకుంటాయి? కొనేవాడి మీద ప్రేమతో కాదు. ఒక గ్లాసు పంపినా, మూడు పంపినా షిప్పింగ్ అంతే. మూడోది సెల్లర్‌కి దాదాపు సరుకు ఖర్చు మాత్రమే. అలాగే 249 రూపాయల కవర్‌లో అసలు కవర్ ఖరీదు పై లెక్కలో 60 రూపాయలే. మరి 149కి అమ్మేవాడు లోపల ఎంత సరుకు పెడుతున్నాడో మీరే లెక్కేసుకోండి. నెల తిరక్కుండానే పసుపెక్కిపోయిన ట్రాన్స్‌పరెంట్ కవర్ అంటే కొందరికి సెల్లర్ మోసం గుర్తొస్తుంది, నాకైతే ఇప్పుడు షిప్పింగ్ చార్జీ గుర్తొస్తుంది.

చార్జర్లు, పవర్ బ్యాంకుల విషయంలో మాత్రం ఈ జాలి చూపించను. వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫీజులు ఎంత పడుతున్నా ఆ నంబర్ లేని చార్జర్ అమ్మేవాడికీ, కొనేవాడికీ సాకు లేదు.

ఫీజు ఎక్కడికీ పోదు, చేతులు మారుతుందంతే అనడానికి బయటి దేశాల్లో మంచి ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో ఈబే 2024 అక్టోబరులో పాత వస్తువులు అమ్ముకునే మామూలు జనానికి సెల్లింగ్ ఫీ తీసేసింది. సుమారు నాలుగు నెలలకే 2025 ఫిబ్రవరిలో బయ్యర్ ప్రొటెక్షన్ ఫీ అని కొనేవాడి మీద పెట్టింది. అమెరికాలో పాత ఐఫోన్ ఈబేలో పెడదామనుకునే మన వాళ్లు ఇంకోటి గమనించాలి: అక్కడ ఫైనల్ వాల్యూ ఫీ ఫోన్ ధర మీదే కాదు, షిప్పింగ్, సేల్స్ టాక్స్ కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు. మన దగ్గర పాత ఫోన్ అమ్మడానికి ఓఎల్‌ఎక్స్ లాంటి చోట నేరుగా మాట్లాడుకుంటే కమిషన్ గోల ఉండదు. కాకపోతే డబ్బులు పంపిస్తా క్యూఆర్ స్కాన్ చెయ్యి, పిన్ కొట్టు అనేవాడు కచ్చితంగా తగులుతాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అది ఎప్పుడైనా సరే.

కాలేజీ చదువుతూ యాక్సెసరీస్ అమ్ముదాం అని నాకు మెసేజ్ చేసేవాళ్లకి ఒక మాట. జీఎస్‌టీ నంబర్ లేకుండానే అమ్మొచ్చని వీడియోల్లో చెప్తున్నారు. 2023 అక్టోబరు 1 నుంచి టర్నోవర్ పరిమితి లోపల ఉన్న చిన్న సెల్లర్లకి అది నిజమే. కానీ సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. ఖమ్మం నుంచి వరంగల్ పంపొచ్చు, అటు పక్కనే ఉన్న విజయవాడకి పంపకూడదు. పైగా ఫీజుల మీద పడే 18 శాతం తిరిగి రాదు, పై లెక్కలో వదిలేసినదంతా మీ ఖర్చే అవుతుంది.

సైట్ల మీద నాకున్న కోపం ఫీజు తీసుకుంటున్నారని కాదు. ఖమ్మం షాపులోంచి గువాహటి దాకా ఒక కవర్ చేర్చడం ఊరికే అయ్యే పని కాదు. కోపం ఎక్కడంటే, జీరో అనే అక్షరాలు బ్యానర్ మీద గజం ఎత్తున ఉంటాయి, రిటర్న్ చార్జీల టేబుల్ హెల్ప్ పేజీల్లో ఏడో క్లిక్ దగ్గర ఉంటుంది. ఫీ కాలిక్యులేటర్లు ఇస్తున్నారు, మంచిదే. అందులో అమ్ముడుపోయిన ఆర్డర్ లెక్క చూపిస్తారు. ఆ కేటగిరీలో వందకి ఎన్ని తిరిగొస్తాయో వాళ్ల దగ్గర డేటా ఉంటుంది కదా, లిస్టింగ్ పెట్టేటప్పుడే ఆ నంబర్ కూడా పక్కన చూపించమనండి. బావ లాంటి వాళ్లు సగం మంది కవర్ల జోలికి వెళ్లరు, కేబుళ్లతో మొదలుపెడతారు.

నా షీట్ ఇప్పుడు మార్చాను. కమిషన్ కాలమ్ చివరికి తోసేశా. మొదటి కాలమ్‌లో ఉండేది ఒక్కటే: నెలలో పంపిన ఆర్డర్లన్నిటికీ కలిపి బ్యాంకులో పడిన డబ్బు, పంపిన ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే ఎంత. అన్ని సైట్లకీ అదే వరస. బావ ఇప్పుడు రెండు సైట్లలో ఉన్నాడు. ఒకదాంట్లో కమిషన్ కడుతూ కేబుళ్లు, ఇంకోదాంట్లో మూడు గ్లాసుల ప్యాకులు. స్పీకర్‌కి సరిగ్గా సరిపోయే చిన్న పెట్టె దొరికింది. కవర్లు మాత్రం షాపులోనే, ఫోన్ చేతిలోకి తీసుకుని, తొడిగి చూపించి అమ్ముతున్నాడు.