ట్రాంబేను పోఖ్రాన్‌తోనే కొలుద్దామా?

హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు నగర్, ఈసీఐఎల్ చౌరస్తా పేర్లు విననివారు ఉండరు. ఆ రావుగారు ఎవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్లి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. దేశంలో మొదటి అణు రియాక్టర్ ‘అప్సర’ను అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థను రూపొందించింది ఆయన బృందమే. ముంబయి శివారులోని ట్రాంబే కొండల పక్కన పదునెక్కిన ఆ నైపుణ్యమే 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ రూపంలో హైదరాబాద్ చేరింది.

ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్, పేరు చెప్పగానే మనకు పోఖ్రాన్ అణు పరీక్షలు గుర్తొస్తాయి. ఆ సంస్థను బాంబుతోనే కొలవడం దానికీ అన్యాయం, మనకూ నష్టం.

1954 జనవరి 3న అది అణుశక్తి సంస్థగా మొదలైంది. స్వతంత్రం వచ్చి ఏడేళ్లు కూడా నిండలేదు. అలాంటి దేశంలో 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. రియాక్టర్‌ను కట్టింది మనవాళ్లు. మరుసటి ఏడాది జనవరిలో నెహ్రూ ఈ సంస్థను లాంఛనంగా ప్రారంభించారు. అదే సంవత్సరం శిక్షణ పాఠశాల కూడా మొదలైంది. భాభా చేసిన పనుల్లో అన్నిటికన్నా దూరదృష్టి ఉన్నది ఇదేననిపిస్తుంది. రియాక్టర్‌ను డబ్బు పెట్టి కొనవచ్చు, దాన్ని విప్పి మళ్లీ బిగించగల మనిషిని కొనలేం. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి భాభా మరణించారు. మరుసటి ఏడాది ఆ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పోయాక కూడా పని ఆగలేదంటే ఆ పాఠశాల తయారుచేసిన మనుషులే కారణం.

1960లో వచ్చిన ‘సైరస్’ కథ ఇంత సూటిగా లేదు. 40 మెగావాట్ల ఆ రియాక్టర్‌ను కెనడా ఇచ్చింది, భారజలం అమెరికా నుంచి వచ్చింది. మొదట వేసిన ఇంధనంలో దాదాపు సగం మాత్రం లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్ నాయకత్వంలో ట్రాంబేలోనే తయారైంది. సైరస్‌లో పుట్టిన ప్లుటోనియమే 1974 మే 18న పోఖ్రాన్ పరీక్షకు వెళ్లింది. శాంతియుత అవసరాలకని ఇచ్చిన రియాక్టర్‌ను ఇలా వాడుకున్నారని కెనడాకు కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం లేదనలేం. సహాయం ఆగిపోయింది, విడిభాగాలు రావడం మానేశాయి. ఆ తర్వాత ప్రతి వస్తువునూ మనమే చేసుకోవలసి వచ్చింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న పద్ధతులతో 1971లో హైదరాబాద్‌లో వెలసిన అణు ఇంధన సముదాయం ఆ కష్టకాలంలో ఎంతగా ఆదుకుందో చెప్పనక్కర్లేదు.

1985లో 100 మెగావాట్ల ‘ధ్రువ’ వచ్చింది. మొదలుపెట్టగానే ఇంధన కడ్డీలు కంపించి దెబ్బతిన్నాయి. బయటినుంచి సలహా చెప్పేవారు లేరు. లోపం ఎక్కడుందో వెతికి, సరిదిద్ది, 1988లో పూర్తి సామర్థ్యానికి చేర్చారు. పోఖ్రాన్‌కు ఉన్న ప్రచారం ఈ విజయానికి ఎన్నడూ దక్కలేదు.

జనానికి దగ్గరగా ఉన్నవి వేరే పనులు. తెలుగు రాష్ట్రాల వేరుశనగ రైతులకు టీఏజీ-24 తెలిసిన పేరే. అందులో మొదటి అక్షరం ‘టీ’ అంటే ట్రాంబే. విత్తనాలపై కిరణాలు ప్రసరింపజేసి, వాటి సంతతిలో మేలైన మార్పు వచ్చిన మొక్కలను తరాల తరబడి ఎంచి, సంకరం చేసి, అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తీసిన పొట్టి రకం అది. త్వరగా కోతకొస్తుంది. కిరణాలు తగిలింది తొలి విత్తనాలకే కాబట్టి రైతు చేతికొచ్చే గింజలో రేడియోధార్మికత ఉండదు. ఇలాంటి పంట రకాలు బార్క్ నుంచి 60కి పైగా వచ్చాయి.

క్యాన్సర్ వైద్యం ఇంకా ముఖ్యం. ధ్రువలో తయారయ్యే ఐసోటోపులు థైరాయిడ్ చికిత్సకూ, స్కానింగులకూ వెళ్తున్నాయి. కోబాల్ట్-60తో రేడియేషన్ ఇచ్చే ‘భాభాట్రాన్’ యంత్రాన్ని బార్క్ రూపొందించింది. విదేశీ యంత్రాలకన్నా చవక. మరో రకం రేడియేషన్ యంత్రమైన లీనియర్ యాక్సిలరేటర్‌తో పోలిస్తే కరెంటు తక్కువ చాలు, నిర్వహణ సులువు. వియత్నాంకు కూడా దాన్ని కానుకగా పంపారు. కానీ మన జిల్లా కేంద్రాల సంగతేమిటి? రేడియేషన్ కోసం నేటికీ వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాద్‌లోనో, విశాఖలోనో అద్దె గదుల్లో వారాల తరబడి ఉండే కుటుంబాలు ఎన్నో. విశాఖ అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి అణుశక్తి శాఖ కిందిదే. అలాంటిది ఒక్కటి సరిపోదు.

ప్రశంసతో పాటు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రహస్యం ఎంతవరకు? ఆయుధాల సంగతి గోప్యంగా ఉంచడం అర్థమవుతుంది. తాగునీటి పరీక్షల ఫలితాలకు గోప్యత దేనికి? 2000లో బార్క్‌ను అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ నుంచి తప్పించి, భద్రతను అంతర్గత మండలికే అప్పగించారు. తన పని తానే తనిఖీ చేసుకునే పద్ధతి ఏ శాఖకూ మంచిది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేసే క్షార పద్ధతి ట్రాంబేలో పుట్టినదే. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. ప్రజలు విజ్ఞానానికి వ్యతిరేకులై కాదు, తమతో ఎవరూ మాట్లాడలేదన్న బాధతో ఎదురు తిరిగారు.

విశాఖ సమీపంలోని అచ్యుతాపురం దగ్గర బార్క్ కొత్త ప్రాంగణం మన గడ్డమీదే ఉంది. మన ఎంపీలు ఢిల్లీలో రెండు విషయాలు గట్టిగా అడగాలి. ఉభయ రాష్ట్రాల్లో రేడియేషన్ చికిత్స లేని ప్రతి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికీ భాభాట్రాన్, దాన్ని నడిపే సిబ్బందితో సహా ఇవ్వాలి. తుమ్మలపల్లెలో, అచ్యుతాపురంలో నీరు, నేల, గాలి పరీక్షలను స్వతంత్ర నిపుణులతో చేయించి, ఫలితాలను ప్రతి ఏటా తెలుగులో గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టించాలి.