ఫ్రెంచి పాట మనకెందుకు?

"తెలుగే తప్పుల్లేకుండా రాయలేరు, ఇంగ్లీషంటే వణుకు, ఇక ఫ్రెంచి కూడానా?" హాస్టల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు ఫ్రెంచి పాటలు నేర్పుదామంటే మొదట వినిపించే మాట ఇదే. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తోచిన జవాబు మీ ముందుంచుతున్నాను.

హైదరాబాదులోని కొన్ని ఖరీదైన ప్రైవేటు పాఠశాలల్లో పిల్లలు ఫ్రెంచిని రెండో భాషగానో, మూడో భాషగానో చదువుతున్నారు. చిన్నప్పుడే పాటలు, పలకరింపులు వాళ్ల చెవిన పడతాయి. మనకు మాత్రం ఏ పరభాషైనా నోటుపుస్తకంతోనే మొదలవుతుంది. అక్షరాలు దిద్దాలి, స్పెల్లింగులు బట్టీ పట్టాలి, తప్పు పోతే గోడకుర్చీ. అందుకే పదో తరగతి పాసైనా నలుగురిలో నోరు విప్పాలంటే మనకు సిగ్గు. లోపం మన తెలివిలో లేదు, అలవాటులో ఉంది. పాట ఈ సిగ్గును తేలిగ్గా పోగొడుతుంది. ముప్పై మంది ఒక్కసారిగా పాడుతుంటే ఎవరు ఎక్కడ తప్పు పాడారో ఎవరు పట్టించుకుంటారు?

ఫ్రెంచికి ఈ పద్ధతి మరీ అవసరం. తెలుగును రాసినట్టే చదువుతాం. ఫ్రెంచిలో మాట చివరి హల్లు చాలాచోట్ల పలకదు. పారిస్ నగరాన్ని ఆ దేశంవాళ్లు 'పారీ' అంటారు. ముందుగా స్పెల్లింగు చూపిస్తే మన పిల్లలు అన్ని అక్షరాలూ పలికేస్తారు. ముందు చెవితో వింటే ఆ చిక్కుండదు.

మనకు కలిసొచ్చే సంగతులూ ఉన్నాయి. 'నువ్వు', 'మీరు' అనే తేడా ఇంగ్లీషులో లేదు గానీ ఫ్రెంచిలో ఉంది. స్నేహితుణ్ణి 'త్యు' అనాలి, వార్డెన్ గారిని 'వూ' అనాలి. ముక్కుతో పలికే ధ్వనులకు మనం రాయడం మానేసిన అరసున్న అక్కరకొస్తుంది. 'బోఁజూర్' అని రాసుకుంటే ఆ పలుకు దగ్గరగా వస్తుంది.

మొదటి పాటగా 'ఫ్రేర్ జాక్' మంచిది. తెల్లవారినా నిద్రలేవని ఒక సన్యాసిని గంటల వేళైందని లేపే పాట అది. ఉదయం గంట కొట్టినా దుప్పటి తీయని మన తమ్ముళ్లకు అర్థం చెప్పనక్కరలేదు! నాలుగే పాదాలు, ఒక్కోటీ రెండుసార్లు. నాలుగు జట్లుగా విడిపోయి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ పాడవచ్చు. క్యాబేజీ నాటే పాట మరొకటుంది. వేలితో, కాలితో, మోచేతితో నాటుతున్నట్టు అభినయిస్తూ పాడతారు, శరీర భాగాల పేర్లు వాటంతటవే వస్తాయి. నాట్ల పాటలు వింటూ పెరిగిన మన పిల్లలకు పాటనూ పనినీ కలపడం కొత్తేమీ కాదు.

అయితే పాట ఒక్కటే భాష కాదు. అర్థం తెలియకుండా వల్లిస్తే అదీ బట్టీయే. కనుక పాటతో పాటు చిన్న మాటలు వాడించాలి. అన్నం వడ్డించినప్పుడు 'మెర్సి', పొద్దున్నే 'సా వా?' అంటే బాగున్నావా అని. జవాబూ 'సా వా' అనే, గొంతు మారితే చాలు. పలుకు మనకే సరిగా రాదు కనుక ఫోనులో ఫ్రెంచివాళ్లు పాడినది వినిపించాలి. ఆదివారం ఒక అరగంట చాలు. పరీక్ష పెట్టవద్దు. తెలుగు, ఇంగ్లీషు పాఠాల సమయం ముట్టుకోవద్దు.

ఫ్రెంచి మనకు మరీ దూరపు చుట్టమూ కాదు. కాకినాడకు దగ్గర్లోని యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలోనే ఉంది. ఇక హైదరాబాదులోని ఇఫ్లూలో డిగ్రీ నుంచి పరిశోధన దాకా ఫ్రెంచి చదవవచ్చు. 2007 నుంచి అది కేంద్ర విశ్వవిద్యాలయం. అక్కడ ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. ఈ పాటలతో ఉద్యోగాలొస్తాయని నేను ఆశ పెట్టడం లేదు. కానీ అలాంటి చదువొకటి ఉందని ఇంటర్ అయ్యాక కూడా తెలియకపోవడం, తెలిసినా 'మనవల్ల కాదులే' అనుకోవడం ఎంత నష్టం!

హైస్కూలులో సంస్కృతం చదువుతానంటే బాబాసాహెబ్ అంబేద్కర్‌కు అవకాశం ఇవ్వలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. తర్వాత ఆయన పట్టుబట్టి సంస్కృతం నేర్చుకున్నారు. ఇవాళ ఫలానా భాష మీకు వద్దని మనతో ఎవరూ అనడం లేదు. మనమే అనుకుంటున్నాం. ఆ మాట మన చిన్నవాళ్ల మనసులో పడకముందే ఓ పాట పడాలని నా కోరిక.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ నా విన్నపం ఒక్కటే. కానుకగా ప్లేట్లు, గ్లాసులు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి నెలకో ఆదివారం మీరూ రండి. వచ్చే వార్షికోత్సవానికి మన మూడో తరగతి పిల్లలు ఒక తెలుగు పాట, ఒక ఇంగ్లీషు పాట, ఒక ఫ్రెంచి పాట వేదికపై పాడాలి. ముందు వరుసలో కూర్చుని వినడానికి నేను తప్పక వస్తాను.